అవాంఛిత రోమాలకు కొత్త చికిత్స వచ్చిందంటే: మీకు పనికొస్తుందో లేదో తేల్చుకోవడం ఎలా

గడ్డం కింద నాలుగు నల్ల వెంట్రుకలు మొలిచిన రోజు నుంచి అద్దంతో మన సంబంధమే మారిపోతుంది. వెలుతురు ఎటు నుంచి పడుతోంది, ఎదుటివాళ్ల చూపు ఎక్కడుంది, బ్యాగులో ట్వీజర్ పెట్టుకున్నానా లేదా... ఇదే ధ్యాస. పడినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నేనూ ఆ బ్యాచే. "కొత్తది వచ్చింది, ఇక పూర్తిగా పోతాయి" అన్న మాట ఇన్నేళ్లలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ ఆశపడ్డాను, సగంసార్లు డబ్బు వదిలించుకున్నాను.

ఇప్పుడు అలాంటి మాట చెవిన పడితే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటాను. దానితో వెంట్రుకలు తగ్గాయా, లేక రక్తపరీక్ష రిపోర్టులో అంకె తగ్గిందా? ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే మనం మోసపోతాం. కొత్త మందుల గురించి చెప్పేముందు మీరు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. అవి చేయకుండా నేరుగా మందుల దగ్గరికి దూకితే ఏ మందైనా దండగే.

మొదటి పని: మీవి ఏ రకం రోమాలో తేల్చుకోండి

ఒళ్లంతా రోమాలు ఎక్కువగా ఉండటం వేరు, మగవాళ్లకి వచ్చే చోట్ల ముతక వెంట్రుకలు రావడం వేరు. పై పెదవి, గడ్డం, దవడ, ఛాతీ, పొట్ట, నడుము, తొడలు, ఇలాంటి చోట్ల నల్లగా, బిరుసుగా వస్తే దాన్ని హిర్సుటిజం అంటారు. దీని వెనక ఆండ్రోజెన్లు ఉంటాయి. అంటే టెస్టోస్టిరాన్ లాంటి హార్మోన్లు. ఆడవాళ్లందరిలోనూ ఇవి కొద్దిగా ఉంటాయి. అలా కాకుండా చేతులు, కాళ్లు, వీపు, నుదురు, చెంపలు అని లేకుండా అంతటా రోమాలు పెరిగితే అది హైపర్‌ట్రైకోసిస్. దానికీ ఆండ్రోజెన్లకీ సంబంధం ఉండదు. కాబట్టి హార్మోన్లను అణచే మందులు దానికి పని చేయవు. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు.

ఒళ్లంతా కొత్తగా రోమాలు పెరుగుతున్నాయంటే మీ మందుల డబ్బా తెరవండి. జుట్టు రాలుతోందని మినాక్సిడిల్ వాడుతున్నారా? ఈ మధ్య దాన్ని తక్కువ డోసు మాత్రలుగా కూడా రాస్తున్నారు. తల మీద జుట్టు పెంచే మందు తల దగ్గరే ఆగాలని రూలేమీ లేదు కదా, ముఖం మీద, చేతుల మీద కూడా పెంచుతుంది. ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, అవయవ మార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోస్పోరిన్ కూడా ఇదే పని చేస్తాయి. 2019లో స్పెయిన్‌లో కొందరు పసిపిల్లలకు ఒళ్లంతా వెంట్రుకలు మొలిచాయి. కడుపులో యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్ అనుకుని ఇచ్చిన మందులో ఉన్నది మినాక్సిడిల్ అని తర్వాత బయటపడింది. మందు ఆపాక ఈ రకం రోమాలు సాధారణంగా కొన్ని నెలల్లో తగ్గిపోతాయి. అయితే ఫిట్స్ మందు లాంటివి మీ అంతట మీరు ఆపేయకండి, రాసిన డాక్టర్ని అడగండి.

ఇంకో సంగతి ఎవరూ అడగరు, మనకీ తట్టదు. ఇంట్లో మగవాళ్లెవరైనా టెస్టోస్టిరాన్ జెల్ ఒంటికి రాసుకుంటుంటే అది తగిలి మీకూ, పిల్లలకూ అంటుతుంది. డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి.

హిర్సుటిజం ఎంత ఉందో కొలవడానికి డాక్టర్లు ఫెర్రిమన్-గాల్వే స్కోరు వాడతారు. 1961లో వచ్చిన పద్ధతి, తర్వాత కొద్దిగా మార్చారు. తొమ్మిది చోట్లకి 0 నుంచి 4 దాకా మార్కులు వేస్తారు, మొత్తం 36. చాలాచోట్ల 8 గానీ ఆపైన గానీ వస్తే ఎక్కువ అని లెక్క. కానీ ఆ గీత అన్ని జాతులవాళ్లకీ ఒకటి కాదు, తూర్పు ఆసియావాళ్లకి ఇంకా తక్కువే. స్కోరు 4 ఉన్నా ఆ నాలుగూ గడ్డం మీదే ఉంటే మనిషికి టెన్షన్ తక్కువేం ఉండదు. కాబట్టి అంకె చిన్నదని ఎవరైనా కొట్టిపారేస్తే ఊరుకోకండి. అలాగే అంతకుముందు రోజే వ్యాక్సింగ్ చేయించుకుని వెళ్తే స్కోరు తక్కువే వస్తుంది, ఆ మాట డాక్టరుతో చెప్పాలి.

ఇవి కనిపిస్తే ఈ వ్యాసం పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి: కొద్ది నెలల్లోనే రోమాలు విపరీతంగా పెరగడం, గొంతు బొంగురుపోవడం, మగవాళ్లలా నుదుటి పైన జుట్టు పలచబడటం, కండలు పెరగడం, క్లిటోరిస్ పెద్దదవడం, నెలసరి ఆగిపోయిన వయసులో హఠాత్తుగా ఇవన్నీ మొదలవడం. అండాశయంలోనో, కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల్లోనో ఆండ్రోజెన్లు తయారుచేసే కణితి ఉందేమో చూడాలి. అది అరుదే. అయినా ఆలస్యం చేయకూడదు.

రెండో పని: పరీక్షలు సరిగ్గా చేయించుకోండి

హిర్సుటిజానికి పెద్ద కారణం పీసీఓఎస్, అంటే పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అనే అండాశయాల, హార్మోన్ల సమస్య. నూటికి 70 మందికి పైగా అదే. కొందరికి నెలసరీ సరిగ్గానే ఉంటుంది, రక్తంలో హార్మోన్లూ మామూలుగానే ఉంటాయి, వెంట్రుకలు మాత్రం వస్తాయి. వాళ్ల చర్మం మామూలు టెస్టోస్టిరాన్‌కే ఎక్కువగా స్పందిస్తుంది. చర్మంలో ఉండే 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టిరాన్‌ని డీహెచ్‌టీ అనే ఇంకా గట్టి హార్మోన్‌గా మారుస్తుంది. రోమకూపానికి అది చాలు. "రిపోర్టులన్నీ నార్మల్, మీకేం లేదు" అన్న మాట విని ఏడ్చుకుంటూ ఇంటికొచ్చినవాళ్లలో ఈ రకంవాళ్లు చాలామంది ఉంటారు. రిపోర్టు నార్మల్ అయినా చికిత్స ఉంటుంది.

పరీక్షకి వెళ్లేముందు రెండు జాగ్రత్తలు. జుట్టుకీ గోళ్లకీ మంచిదని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ముందే ల్యాబ్‌కీ డాక్టర్‌కీ చెప్పండి. చాలా ల్యాబ్‌లు వాడే పద్ధతిలో బయోటిన్ అడ్డం పడి హార్మోన్ల అంకెలు తప్పుగా వస్తాయి, టెస్టోస్టిరాన్ ఉన్నదానికంటే ఎక్కువగా కూడా చూపించవచ్చు. అవాంఛిత రోమాల కోసం టెస్టుకి వెళ్లేవాళ్లే జుట్టు రాలుతోందని బయోటిన్ మింగుతుంటారు, అందుకే ఇది మనకి బాగా తగులుతుంది. రెండోది గర్భనిరోధక మాత్రలు. అవి వాడుతుండగా చేయించుకుంటే ఆండ్రోజెన్లు తక్కువగా కనిపిస్తాయి, అసలు సంగతి దాగిపోతుంది.

17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ అనే పరీక్ష రాస్తే దాన్ని నెలసరి మొదలైన తొలి రోజుల్లో, పొద్దున్నే చేయించుకోవాలి. అడ్రినల్ గ్రంథుల్లో పుట్టుకతో ఎంజైమ్ లోపం ఉందేమో దానితో తెలుస్తుంది. మధ్యాహ్నం తీరిగ్గా వెళ్లి ఇచ్చిన రక్తంతో ఆ లోపం తప్పిపోవచ్చు.

మూడో పని: ఫోటోలు తీసుకోండి

ఇది చిన్న పని. అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది కూడా ఇదే. ఒకే కిటికీ దగ్గర, ఒకే టైములో, ఒకే దూరం నుంచి నెలకోసారి ఫోటో తీసి పెట్టుకోండి. దానితో పాటు షేవింగో త్రెడింగో ఎన్ని రోజులకోసారి అవసరమవుతోందో ఫోన్‌లో రాసుకోండి. నాకు ఫోటోలకంటే ఈ రెండో లెక్కే బాగా పనికొచ్చింది. మూడు రోజులకోసారి పట్టే ట్వీజర్ ఎనిమిది రోజులకోసారి పట్టుకుంటున్నానంటే మందు పని చేస్తున్నట్టే, అద్దం ఏం చెప్పినా సరే.

ఎందుకింత చాదస్తం అంటే, రోమాలు మన తొందరకి లొంగవు. నూగుగా ఉన్న రోమాన్ని ఆండ్రోజెన్ ఒకసారి ముతక వెంట్రుకగా మార్చాక, హార్మోన్ తగ్గినంత మాత్రాన అది రాత్రికి రాత్రి మళ్లీ నూగు అయిపోదు. పెరుగుతున్న వెంట్రుక తన దశ పూర్తిచేసి రాలిపోవాలి, అదే కూపం నుంచి వచ్చే తర్వాతి వెంట్రుక కాస్త సన్నగా రావాలి. దీనికి నెలలు పడుతుంది. రక్తంలో అంకె మూడు వారాల్లో దిగొచ్చినా గడ్డం మీద తేడా కనిపించడానికి ఆరు నెలలు పట్టేది అందుకే. కొందరికి ఎంత దిగినా పాత ముతక వెంట్రుకలు అలాగే ఉంటాయి, కొత్తవి రావడం ఆగుతుంది, అంతే. వాటిని లేజర్‌తోనో ఎలక్ట్రాలసిస్‌తోనో (సూదితో కరెంటు పంపి కుదురుని చంపే పద్ధతి) తీయించుకోవాల్సిందే.

ఈలోగా షేవింగ్ చేసుకుంటే ఎక్కువవుతాయన్న భయం వద్దు. బ్లేడు కోసిన చోట కొస మొద్దుగా ఉంటుంది, అందుకే చేతికి గరుకుగా తగులుతుంది. లోపల కుదురు దగ్గర ఏ మార్పూ ఉండదు.

నాలుగో పని: పాత మందుల్ని దాటేయకండి

కొత్త మందులన్నీ దాదాపు పాతవాటి పక్కన నిలబడేవే. పిల్లలు ఇప్పుడే వద్దనుకునేవాళ్లకి మొదట రాసేది ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలే. అండాశయం నుంచి ఆండ్రోజెన్ తగ్గిస్తాయి, రక్తంలో ఉన్నదాన్ని పట్టి ఉంచే ప్రొటీన్‌ని పెంచుతాయి. 35 దాటి సిగరెట్ తాగేవాళ్లు, కళ్ల ముందు మెరుపులు వచ్చే రకం మైగ్రేన్ ఉన్నవాళ్లు, ఇంతకుముందు రక్తం గడ్డకట్టిన సమస్య వచ్చినవాళ్లు ఇవి వాడకూడదు.

ఆరు నెలల తర్వాత చాలకపోతే స్పైరనోలాక్టోన్ కలుపుతారు. నిజానికి ఇది బీపీకీ, ఒంట్లో నీరు తీయడానికీ వచ్చిన మందు. ఆండ్రోజెన్‌కి అడ్డం పడటం దీని పక్కవాటు గుణం, అదే మనకి కలిసొచ్చింది. కిడ్నీ జబ్బు ఉన్నా, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడుతున్నా పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది. గర్భంలో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదల మీద దెబ్బ పడవచ్చు. అందుకే నమ్మకమైన గర్భనిరోధం లేకుండా దీన్ని కానీ, డీహెచ్‌టీ తయారీని ఆపే ఫినాస్టెరైడ్‌ని కానీ, ఆండ్రోజెన్‌కి అడ్డుపడే మరే మందును కానీ మొదలుపెట్టకూడదు. ఇక్కడ "చూద్దాంలే" పనికిరాదు.

అయిదో పని: కొత్తవాటిని ఒక్కొక్కటే ఆ ప్రశ్న అడగండి

వెంట్రుకలా, అంకెనా? ఇక వరుసగా చూద్దాం.

బైకాల్యుటమైడ్. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి 1995 నుంచి ఉన్న మందు. హిర్సుటిజానికి వాడటం మాత్రం ఈ మధ్యే పెరిగింది. 2018లో అచ్చయిన ఒక పరిశోధనలో పీసీఓఎస్‌తో తీవ్రమైన హిర్సుటిజం ఉన్నవాళ్లని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి గర్భనిరోధక మాత్రతో పాటు రోజుకి 50 మిల్లీగ్రాముల బైకాల్యుటమైడ్, ఇంకో జట్టుకి అదే మాత్రతో పాటు ఉత్తుత్తి మాత్ర. ఏడాది తర్వాత మొదటి జట్టుకే ఎక్కువ తగ్గాయి. ఇక్కడ కొలిచింది వెంట్రుకలనే. అందుకే ఈ జాబితాలో దీనికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. అయితే ఈ పనికి దానికి అధికారిక అనుమతి లేదు, డాక్టర్ తన బాధ్యత మీద రాయాలి. దీని అన్నగారు ఫ్లూటమైడ్ లివర్‌ని దెబ్బతీసి చెడ్డపేరు తెచ్చుకుంది. హార్మోన్ల డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు దాన్ని వాడొద్దనే చెప్పాయి. బైకాల్యుటమైడ్ అంత ప్రమాదకరం కాకపోయినా లివర్ పరీక్ష మొదలుపెట్టేముందూ, తర్వాతా చేయించాలి. రాసిన డాక్టర్ ఆ పరీక్షల మాట ఎత్తకపోతే మీరే ఎత్తండి.

క్లాస్కొటెరోన్. రోమకూపం దగ్గరే ఆండ్రోజెన్‌ని అడ్డుకునే క్రీమ్. ఆలోచన చూస్తే మన సమస్యకే పుట్టిందేమో అనిపిస్తుంది. చర్మం మీద పని చేసి, రక్తంలోకి చేరేసరికి బలం కోల్పోతుంది. కానీ 2020 ఆగస్టులో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది మొటిమలకి, ఒక శాతం క్రీమ్‌గా. అవాంఛిత రోమాలకి కాదు. ఇంతకుముందు వచ్చిన ఇలాంటి పూత మందులు హిర్సుటిజంలో నిలబడలేదు, పైన చెప్పిన మార్గదర్శకాలు వాటిని వద్దన్నాయి. మొటిమలూ రోమాలూ రెండూ ఉంటే మొటిమల కోసం వాడుతూ గడ్డం వైపు ఓ కన్నేసి ఉంచవచ్చు. గడ్డం కోసమే కొనమని మాత్రం నేను చెప్పను.

క్రినెసెర్‌ఫాంట్. 2024 డిసెంబరులో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అడ్రినల్ గ్రంథుల్లో పుట్టుకతో వచ్చే ఎంజైమ్ లోపం తీవ్రంగా ఉన్నవాళ్లకి, నాలుగేళ్లు దాటిన పిల్లల నుంచి పెద్దల దాకా. మెదడు నుంచి అడ్రినల్స్‌కి వెళ్లే తాఖీదునే తగ్గిస్తుంది, దానితో అక్కడ తయారయ్యే ఆండ్రోజెన్లు తగ్గుతాయి. వాళ్లు ఎప్పటినుంచో వాడుతున్న స్టెరాయిడ్ల డోసూ తగ్గించుకోవచ్చు. ఆ రోగులకి ఇది నిజంగా పెద్ద మార్పు. పరీక్షల్లో చూసింది మాత్రం స్టెరాయిడ్ డోసు, రక్తంలో హార్మోన్లు. పీసీఓఎస్ వాళ్లకీ, అదే లోపం తేలిగ్గా ఉండి పెద్దయ్యాక బయటపడినవాళ్లకీ ఈ అనుమతి వర్తించదు.

బరువు తగ్గించే సూదులు, అంటే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ లాంటివి. పీసీఓఎస్‌లో అధిక బరువు ఉంటే ఇన్సులిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ అండాశయాన్ని ఆండ్రోజెన్ తయారీకి ఎగదోస్తుంది. బరువు దిగితే ఆ గొలుసు సడలుతుంది, నెలసరి సర్దుకోవచ్చు. రోమాలు తగ్గడం మాత్రం వీటి దగ్గర ఆశించినంత కనిపించదు. రోమాల కోసమే ఇవి మొదలుపెట్టడం సరికాదని నా అభిప్రాయం. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ విషయంలోనూ మార్గదర్శకాలు అదే చెబుతాయి. ఇంకో మెలిక ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోండి. టిర్జెపటైడ్ కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి నోటితో వేసుకునే గర్భనిరోధక మాత్ర సరిగ్గా ఒంటికి ఎక్కకపోవచ్చు. మొదలుపెట్టినప్పుడూ, డోసు పెంచిన ప్రతిసారీ, ఆ తర్వాత నాలుగు వారాలు కండోమ్ లాంటి ఇంకో పద్ధతి కూడా వాడాలి. స్పైరనోలాక్టోన్ వాడుతూ ఈ సూది తీసుకుంటున్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒక డాక్టర్ ఒకటి రాస్తారు, ఇంకో డాక్టర్ ఇంకోటి రాస్తారు, రెండూ కలిసేది మన ఒంట్లోనే.

ఆర్టెమిసినిన్. ఇది మలేరియా మందు. 2024 జూన్‌లో సైన్స్ పత్రికలో చైనా పరిశోధకులు రాసిన వ్యాసంతో పీసీఓఎస్‌కి మందు దొరికిందని పెద్ద హడావిడి జరిగింది. అండాశయంలో ఆండ్రోజెన్ తయారీకి మొదటి మెట్టులా ఉండే ఎంజైమ్‌ని ఈ మందు కరిగించేస్తోందని వాళ్లు చూపించారు. శాస్త్రంగా చూస్తే చాలా అందమైన పని. కానీ దాన్ని వాడి చూసింది 19 మంది ఆడవాళ్ల మీద, 12 వారాలు. పోల్చడానికి మందు ఇవ్వని జట్టు లేదు. టెస్టోస్టిరాన్ తగ్గింది, చాలామందికి నెలసరి గాడిలో పడింది. రోమాల సంగతి తేలడానికి 12 వారాలు ఎలాగూ సరిపోవు. దయచేసి మలేరియా మాత్రలు కొనుక్కుని మింగకండి.

ఫెజొలినెటంట్. నెలసరి ఆగే వయసులో వచ్చే ఆవిర్లకి 2023 మేలో ఎఫ్‌డీఏ అనుమతించిన మాత్ర. అంతకుముందు దీన్ని పీసీఓఎస్‌లోనూ పరీక్షించారు, 12 వారాల్లో టెస్టోస్టిరాన్ దిగింది. మళ్లీ అంకే. పీసీఓఎస్‌కి అనుమతి లేదు. లివర్ దెబ్బతినవచ్చని 2024 చివర్లో దాని లేబుల్ మీద గట్టి హెచ్చరిక కూడా చేర్చారు.

వీటన్నిటి పక్కన ఒక పాత "కొత్త మందు" గురించి చెప్పాలి. ఎఫ్లోర్నితిన్ మొదట క్యాన్సర్ కోసం మొదలై, ఆఫ్రికాలో నిద్రజబ్బుకి ఇంజెక్షన్‌గా ప్రాణాలు కాపాడింది. 2000లో 13.9 శాతం క్రీమ్‌గా ఆడవాళ్ల ముఖం మీద రోమాలకి ఎఫ్‌డీఏ అనుమతి తెచ్చుకుంది. ఇది హార్మోన్ జోలికి పోదు, రోమకూపంలో కణాలు పెరగడానికి కావాల్సిన ఎంజైమ్‌ని ఆపుతుంది. రోజుకి రెండుసార్లు, కనీసం ఎనిమిది గంటల తేడాతో రాయాలి, రాశాక నాలుగు గంటలు కడగకూడదు. వెంట్రుకని తీసేయదు, పెరిగే వేగం తగ్గిస్తుంది, కాబట్టి షేవింగ్ మానక్కర్లేదు. ఎనిమిది వారాల్లో తేడా తెలుస్తుంది. ఆపేస్తే దాదాపు మరో ఎనిమిది వారాల్లో మళ్లీ మొదటికే వస్తాం. ఒంటరిగా కంటే లేజర్‌తో కలిపి వాడినప్పుడు మొదట్లో ఫలితం తొందరగా కనిపిస్తుంది.

ఇనోసిటాల్ పొడులు, స్పియర్‌మింట్ టీ అడుగుతారు కాబట్టి ఒక్క ముక్క. ఆ టీ మీద 2010లో ఒక చిన్న పరీక్ష జరిగింది, 30 రోజులు. టెస్టోస్టిరాన్ తగ్గింది, డాక్టర్లు వేసిన రోమాల స్కోరు మారలేదు. ఇనోసిటాల్‌తో రోమాలు తగ్గుతాయనడానికి గట్టి ఆధారం లేదు.

ఆరో పని: లేజర్ దగ్గర అడగాల్సినవి

నిజం చెప్పాలంటే ముఖం మీద ఉన్న ముతక నల్ల వెంట్రుకలకి ఇప్పటికీ అన్నిటికంటే ఎక్కువ తేడా చూపించేది కాంతే. 1983లో ఆండర్సన్, ప్యారిష్ అనే ఇద్దరు ఒక సూత్రం రాశారు. కాంతి రంగునీ, అది పడే సమయాన్నీ సరిగ్గా ఎంచుకుంటే చుట్టూ ఉన్న చర్మం కాలకుండా లక్ష్యాన్ని మాత్రమే వేడెక్కించవచ్చని. రోమాల లేజర్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి. ఇక్కడ లక్ష్యం వెంట్రుకలోని నల్ల రంగు, అంటే మెలనిన్. అదే రంగు చర్మంలోనూ ఉంటుంది, చిక్కంతా అక్కడే.

కాబట్టి చామనఛాయ, నల్లటి చర్మం ఉన్నవాళ్లు వెళ్లగానే అడగాల్సిన మాట: "మీ మెషిన్ ఏ వేవ్‌లెంగ్త్?" అంటే దాని కాంతి తరంగం పొడవెంత అని. అలెగ్జాండ్రైట్ 755 నానోమీటర్లు, తెల్లటి చర్మానికి బాగుంటుంది. డయోడ్ దాదాపు 810. ఎన్‌డీ-యాగ్ 1064. అంకె పెరిగే కొద్దీ చర్మంలోని రంగు తక్కువ పీల్చుకుంటుంది, కాంతి లోపలికి దిగుతుంది. ముదురు చర్మానికి 1064, లేదా చల్లదనం ఇచ్చే ఏర్పాటున్న డయోడ్ మేలు. ఈ మధ్య మూడు వేవ్‌లెంగ్త్‌లు ఒకే తలలో ఉన్న మెషిన్లు, చిన్న చిన్న దెబ్బలు వేగంగా వేస్తూ చర్మం మీద జరుపుతూ పోయేవి వచ్చాయి. నొప్పి తక్కువ, అది నిజం. అంతమాత్రాన తక్కువ సిట్టింగ్‌లలో అయిపోతుందని హామీ ఇస్తే నమ్మకండి. ఇంట్లో వాడే ఐపీఎల్ పరికరాలు (లేజర్ కాకుండా రకరకాల రంగుల కాంతిని మెరుపుల్లా వేసేవి) చాలావరకు ముదురు చర్మానికి పనికిరావు. డబ్బా మీద ఉన్న చర్మపు రంగుల చార్టు చూడకుండా కొనవద్దు.

నాకు జరిగింది చెబుతాను. ఒక క్లినిక్‌లో గడ్డానికని మొదలుపెట్టి, "చెంపల మీద నూగు కూడా తీసేద్దాం" అన్నారు. నేను సరేనన్నాను. నాలుగు సిట్టింగ్‌ల తర్వాత గడ్డం పలచబడింది, చెంపల మీద నూగు మాత్రం నల్లబడి గట్టిపడింది. లేజర్ పడిన చోటో దాని పక్కనో రోమాలు పెరగడం తెలిసిన సంగతే. చాలని వేడి కూపాన్ని చంపకపోగా నిద్ర లేపుతుందని ఒక వివరణ. ముఖం మీద, మెడ మీద, హార్మోన్ల సమస్య ఉన్నవాళ్లకి ఎక్కువ. మధ్యధరా, మధ్యప్రాచ్య మూలాలున్న ఆడవాళ్లకి ఈ హెచ్చరిక ముందే చెప్పమని మార్గదర్శకాల్లో ఉంది. నూగు మీద లేజర్ వేయించుకోకండి. అంతే.

సిట్టింగ్‌కి కనీసం నాలుగు వారాల ముందు నుంచి పీకడం, త్రెడింగ్, వ్యాక్సింగ్ ఆపండి. కుదురు లోపల వెంట్రుక లేకపోతే కాంతి పట్టుకోవడానికి ఏముంటుంది? షేవింగ్ మాత్రం చేసుకోవచ్చు, చేసుకునే వెళ్లాలి. ఎండకి నల్లబడి ఉంటే వాయిదా వేయండి. ఒకచోట టెస్ట్ షాట్ వేయించుకుని కొన్ని రోజులు ఆగి చూడండి. కళ్లకి రక్షణ లేకుండా మొదలుపెడితే లేచి వచ్చేయండి. కాలిన వెంట్రుకల పొగలో హానికరమైన రసాయనాలుంటాయి, దాన్ని లాగేసే ఏర్పాటు గదిలో ఉండాలి. ముఖానికి నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో, ఆరో ఎనిమిదో సిట్టింగ్‌లు మామూలు. ఎఫ్‌డీఏ భాషలో ఇది "శాశ్వతంగా తగ్గించడం", శాశ్వతంగా తీసేయడం కాదు. లోపల హార్మోన్ అలాగే ఉంటే కొత్తవి వస్తూనే ఉంటాయి, ఏడాదికి ఒకటి రెండుసార్లు మళ్లీ వెళ్లాల్సి రావచ్చు.

తెల్లబడిన వెంట్రుకలకి లేజర్ పని చేయదు. వాటికి ఎలక్ట్రాలసిస్సే గతి. 1875లో చార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టర్ లోపలికి పెరిగే కనురెప్ప వెంట్రుకల కోసం దీన్ని వాడినట్టు రాశాడు. ఒక్కో కూపంలో సన్నటి సూది దింపి కరెంటుతో కుదురుని చంపడం. నెమ్మది, నొప్పి, ఓపిక కావాలి. అయినా ఏ రంగు వెంట్రుకకైనా, ఏ రంగు చర్మానికైనా పనికొస్తుంది.

ఏడో పని: ఆరో నెలలో లెక్క చూసుకోండి, ఆపే తేదీ కూడా రాసుకోండి

మందు మొదలుపెట్టిన రోజునే ఫోన్‌లో ఆరు నెలల తర్వాత తేదీకి అలారం పెట్టండి. ఆ రోజు దాకా "పని చేయడం లేదు" అనే మాట వద్దు. దుష్ప్రభావాలుంటే వేరే సంగతి, అప్పుడు వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. ఆ రోజు మొదటి ఫోటో, ఇప్పటి ఫోటో పక్కపక్కన పెట్టి, షేవింగ్‌కీ షేవింగ్‌కీ మధ్య రోజులు లెక్కేసి, ఆ రెండూ డాక్టర్‌కి చూపించండి. డోసు పెంచాలా, ఇంకోటి కలపాలా, లేజర్‌కి వెళ్లాలా అన్నది వాటిని బట్టి నిర్ణయించవచ్చు. రక్తపరీక్ష కాగితం కూడా తీసుకెళ్లండి, కానీ ఫోటోల కింద పెట్టండి.

పిల్లల ఆలోచన ఉంటే వెనక్కి లెక్క కట్టాలి. సెమాగ్లూటైడ్ కనీసం రెండు నెలల ముందే ఆపాలి. ఫినాస్టెరైడ్ జాతిదే అయిన డ్యూటాస్టెరైడ్ ఆపాక కూడా ఒంట్లో నెలల తరబడి ఉంటుంది, అందుకే పిల్లల్ని కనే వయసులో దాని జోలికి పోకపోవడం మంచిది. స్పైరనోలాక్టోన్, ఫినాస్టెరైడ్, బైకాల్యుటమైడ్ ఏది వాడుతున్నా ప్రయత్నం మొదలుపెట్టకముందే, గర్భనిరోధం ఆపకముందే, ఎప్పుడు మానాలో డాక్టర్‌తో తేదీ ఖాయం చేసుకోండి. మానాక కొన్ని నెలల్లో రోమాలు మళ్లీ రావడం మొదలవుతుంది. గర్భంతో ఉన్నప్పుడు లేజర్ కూడా సాధారణంగా వాయిదా వేస్తారు, కాబట్టి సిట్టింగ్‌లు ఏవైనా మిగిలి ఉంటే ముందే పూర్తిచేసుకోండి. ఆ తర్వాత ఆ కొన్ని నెలలూ రేజరే.